గుర్రాన్ని మచ్చిక చేసుకుందాం

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, చింతపల్లి కొండలు ఉన్నాయి. 2022కు ముందు ఇవి విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఈ కొండల మీద కొన్ని ఊళ్లకు ఇప్పటికీ సరైన రోడ్డు లేదు. అందుకే అక్కడ కొందరు గుర్రాలను పెంచుతారు. స్వారీ సరదా కోసం కాదు. బరువు మోయడం కోసం. పసుపు, మిరియాలు, కాఫీ గింజలు గుర్రం వీపు మీద సంతకు దిగుతాయి. బియ్యం, ఉప్పు, నూనె గుర్రం వీపు మీదే కొండ ఎక్కుతాయి.

దారి సన్నగా ఉంటుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్కడ గుర్రం బెదిరితే ఏమవుతుంది? బస్తా జారిపోతుంది. నెల బియ్యం నేలపాలవుతాయి. పగ్గం పట్టుకున్న మనిషి కూడా పడిపోవచ్చు. గుర్రం కాలు విరిగిందంటే ఆ బరువు మళ్లీ ఎవరి నెత్తి మీదికి వస్తుంది? మనకు తెలియనిదా!

గుర్రం బెదరకుండా ఉండాలంటే ఏం చేయాలి? "దెబ్బకు దెయ్యం వదులుతుంది" అంటారు పెద్దలు. కానీ అక్కా, గుర్రం దెయ్యం కాదు. అది గడ్డి తినే జంతువు. దానికి కొమ్ములు లేవు, గోళ్లు లేవు. అడవిలో దాన్ని వేటాడే మృగాలు ఎక్కువ. కాబట్టి తెలియనిది కనిపిస్తే ముందు పారిపోతుంది. పారిపోయే దారి లేకపోతే తంతుంది, కరుస్తుంది. అది పొగరు కాదు, భయం. భయపడిన దాన్ని కొడితే ఇంకా భయపడుతుంది. వాగు దగ్గర దెబ్బ తిన్న గుర్రానికి వాగు అంటేనే దెబ్బ గుర్తుకు వస్తుంది.

ఇది ఈనాటి మాట కాదు. సుమారు 2400 ఏళ్ల కిందట గ్రీసు దేశంలో జెనోఫోన్ అనే ఆయన ఉండేవాడు. ఆయన యుద్ధాలు చేసిన మనిషి. గుర్రాల గురించి ఒక పుస్తకం రాశాడు. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దని అందులో చెప్పాడు.

దగ్గరికి ఎలా వెళ్లాలి?

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అది దాదాపు చుట్టూ చూడగలదు. కానీ తోక వెనక ఏముందో దానికి కనపడదు. నుదుటికి ఎదురుగా, మరీ దగ్గరగా ఉన్నది కూడా కనపడదు. వెనక నుంచి చప్పుడు లేకుండా వెళితే ఉలిక్కిపడి తంతుంది. అందుకని భుజం వైపు నుంచి వెళ్లండి. మాట్లాడుతూ వెళ్లండి. చిన్న పిల్లల్ని దాని వెనక నిలబడనివ్వకండి.

చెవులు చూడండి. రెండు చెవులూ ముందుకు ఉంటే అది దేన్నో గమనిస్తోంది. చెవులు వెనక్కి, తలకు అతుక్కుపోయినట్టు ఉంటే కోపంగా ఉంది. అప్పుడు దూరంగా ఉండండి. తల దించి, వెనక కాలు ఒకటి సడలించి నిలబడిందా? అది స్థిమితంగా ఉంది. నేర్పడానికి అదే మంచి సమయం.

దగ్గరికి వెళ్లాక చాలామంది ముఖం మీద తడతారు. అది గుర్రానికి అంతగా నచ్చదు. మెడ, వీపు కలిసే చోట, జూలు కింద గోకండి. గుర్రాలు ఒకదాన్ని ఒకటి అక్కడే పళ్లతో గోక్కుంటాయి. ఫ్రాన్స్ దేశంలో ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఆ చోట గోకినప్పుడు గుర్రం గుండె కొట్టుకునే వేగం తగ్గింది. ఈ సంగతి 1993లో అచ్చయింది.

ఎలా నేర్పాలి?

మన పాఠంలో గుర్రానికి రాజా అని పేరు పెడదాం. రాజాకు మూడేళ్లు. నాలుగేళ్లు నిండేదాకా బరువు వేయవద్దు. ఎముకలు ఇంకా ముదరవు. ఇప్పుడు నేర్పడం మాత్రమే.

కొంగున గుప్పెడు ఉలవలు కట్టుకోండి. ఉడికించినవైతే మంచిది. ముందు పగ్గం మెల్లగా లాగండి. రాజా ఒక్క అడుగు వేయగానే పగ్గం వదులు చేయండి. "భేష్" అనండి. నాలుగు ఉలవ గింజలు పెట్టండి. అరచేయి చాచి, దాని మీద పెట్టండి. వేళ్లతో అందిస్తే వేళ్లు కూడా కొరకవచ్చు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. "భేష్" అనే మాట సరిగ్గా అడుగు వేసినప్పుడే అనాలి. ఆలస్యంగా అంటే దేనికి మెచ్చుకున్నారో దానికి అర్థం కాదు. ఉదయం చేసిన పనికి సాయంత్రం దాణా ఎక్కువ పెడితే కడుపు నిండుతుంది, పాఠం రాదు. ఇంకొక సంగతి. రాజా మీ కొంగు కోసం మూతి పెట్టి తోస్తే ఏమీ పెట్టకండి. మూతి పక్కకు తిప్పుకున్నాకే పెట్టండి. లేకపోతే దోచుకోవడం నేర్చుకుంటుంది!

మేత ఎప్పటిలాగే పెట్టండి. మాట వింటుంది కదా అని కడుపు మాడ్చవద్దు. బెల్లం, గింజలు మరీ ఎక్కువ పెట్టవద్దు. కడుపునొప్పి వస్తుంది. గిట్టలు వాచి నడవలేకపోతుంది.

ఇప్పుడు గోనె సంచి. బస్తా వేయడానికి ముందు ఖాళీ గోనె అలవాటు చేయాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఒక్కసారిగా వీపు మీద వేస్తారు. గుర్రం ఎగిరి పడేస్తుంది. ఎగిరితే గోనె పోతుందని అది నేర్చుకుంటుంది. అలా కాకుండా మొదట గోనెను నేల మీద పెట్టండి. రాజా వాసన చూస్తే "భేష్", ఉలవలు. మరునాడు గోనెతో భుజం తాకండి. కదలకుండా నిలబడితే వెంటనే గోనె తీసేయండి. "భేష్", ఉలవలు. తర్వాత మెడ, తర్వాత వీపు. బెదిరిందంటే మీరు ఒక మెట్టు ఎక్కువ ఎక్కినట్టు. కొట్టకండి, తిట్టకండి. నిన్నటి మెట్టుకు దిగండి. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. బాగా చేసినప్పుడే ఆపేయండి.

గిట్టలు ఎత్తడం కూడా ఇలాగే నేర్పవచ్చు. వాగు దాటడం కూడా అంతే. మొదట తడి ఇసుక, తర్వాత చీలమండ లోతు నీళ్లు. బెదరని పాత గుర్రం ముందు నడిస్తే పని ఇంకా సులువు.

"ఇంత ఓపిక ఎవరికి ఉంది? పొలం పని ఉంది, వంట ఉంది" అని మీరు అనవచ్చు. నిజమే. పని ఒత్తిడి ఉన్న రోజు నేర్పకండి. ఒక రోజు మానేస్తే నష్టం లేదు. కోపంలో కొట్టిన ఒక్క దెబ్బను మరిపించడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది.

నొప్పి ఉందేమో చూడండి

బాగా నడిచే గుర్రం ఉన్నట్టుండి మొరాయిస్తే ముందు దాని ఒళ్లు చూడండి. వీపు మీద తాడు ఒరిసి పుండు పడిందా? గిట్టలో రాయి ఇరుక్కుందా? నోట్లో పుండు ఉందా? నొప్పికి ఉలవలు మందు కాదు. పశువుల డాక్టరుకు చూపించండి. సిగ్నలు దొరికే చోటికి వెళ్లి 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల వైద్యం బండి గురించి చెబుతారు.

బరువు సంగతి కూడా తెలుసుకోవాలి. బరువు మోసే జంతువుల కోసం 1965లో ప్రభుత్వం నియమాలు చేసింది. పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి వేయకూడదు. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా 5 గంటలు దాటకూడదు. 70 కిలోలు అనేది పైహద్దు. బక్కచిక్కిన గుర్రానికి, నిటారు దారికి అంత వేయకండి. మగవాళ్లు సంతలో బస్తాలు ఎత్తేటప్పుడు ఈ లెక్క మీరే చెప్పండి.

లెక్క కట్టండి, మాట్లాడుకోండి

1. బియ్యం బస్తా 50 కిలోలు. ఉప్పు సంచి 25 కిలోలు. రెండూ కలిపి ఎన్ని కిలోలు? పొట్టి గుర్రం మీద వేయవచ్చా?

2. మీ ఇంట్లో తొలిచూలు గేదె పొదుగు తాకనివ్వడం లేదు. గోనె సంచి పాఠంలో చెప్పినట్టు దానికి మెట్టు మెట్టుగా ఎలా నేర్పుతారు? మొదటి మెట్టు ఏది?