ఏజెన్సీ భూమి కేసు: వెతుకులాట ఎక్కడ మొదలు?

ప్రశ్న: మాది సీతంపేట. లా రెండో ఏడాది. వేసవి సెలవులకు ఒక లాయరు గారి దగ్గర చేరాను. ఏజెన్సీ భూముల బదిలీపై తీర్పులు చూడమన్నారు. నెట్‌లో వందలు వస్తున్నాయి. ఏవి చదవాలి?

జవాబు: నేరుగా తీర్పుల్లోకి దిగడమే చిక్కు. ముందు కేసు కాగితాలు చూడండి. భూమి ఏ ఊరిది? ఏ ఏడాది చేతులు మారింది? ఐటీడీఏ పరిధిలోని ప్రతి ఊరూ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల నోటిఫికేషన్‌లో మీ కేసులోని ఊరి పేరుందో లేదో తేల్చుకోండి. తర్వాత ఆ ప్రాంతాల భూ బదిలీపై 1959 నాటి 1వ రెగ్యులేషన్‌ను 1970 సవరణతో కలిపి చదవండి. ఆ సవరణతో గిరిజనేతరులు తమలో తాము అమ్ముకున్నా చెల్లకుండా పోయింది. అందుకే తేదీ దొరికితే సగం పని అయినట్టే.

ఆ సవరణను సుప్రీంకోర్టు పి. రామిరెడ్డి కేసులో (1988) సమర్థించింది. సమత తీర్పు (1997) అనంతగిరి మండలం గనుల లీజులది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలోని తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. సారాంశాలతో సరిపెట్టుకోకండి. సమతలో ముగ్గురు జడ్జీల్లో ఒకరు విభేదించారు, ఎదుటి లాయరు తెరిచేది ఆ పేజీలే! తీర్పు నేటికీ నిలిచి ఉందో లేదో చూసుకుని, పేరా నంబర్లతో ఒక పేజీ నోటు రాయండి.

అప్పీలు గడువు దగ్గరపడినా, రికార్డుల్లో సర్వే నంబర్లు కలవకపోయినా సొంతంగా తేల్చవద్దు. ఆ రోజే మీ సీనియర్ గారిని అడగండి.