చిత్రకారునికొక గోడ

మూసీనదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌కు చేరువలో బేగంబజార్ ఉంది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ సతి హుమ్‌దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు దానంగా ఇచ్చిందని, అందువల్లనే దీనికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇత్తడి బిందెలు, ఎండు ఫలాలు, సుగంధద్రవ్యాలు, పూజాసామగ్రి - ఇక్కడ బేరమాడని వస్తువు అరుదు. ఇంతటి వ్యాపారం దానమిచ్చిన నేలమీద పెరగడం గమనింపదగిన విషయం. ముందు స్థలం దొరికింది. గిరాకీ ఆ తరువాత వచ్చింది.

చిత్రకారునికి ఈ క్రమం మరింత అవసరం. బిందెకు వెల కట్టడం తేలిక. లోహం బరువు, పనివాని కూలి తెలిస్తే చాలు. ఇంకా పేరురాని యువకుడు గీసిన చిత్రానికి వెల కట్టేదెవరు? వ్యాపారదృష్టితో గ్యాలరీ నడిపేవారు అద్దె, సిబ్బంది జీతాలు అమ్మకాలనుండే రాబట్టుకోవాలి. కనుక అమ్ముడుపోయే పేర్లనే ఎంచుకుంటారు. అది తప్పు కాదు, వర్తకధర్మం. కాని ప్రదర్శన లేనిదే పేరు రాదు, పేరు లేనిదే ప్రదర్శన దొరకదు. ఈ చిక్కుముడిని విప్పడానికి ఏర్పడినవే లాభాపేక్షలేని చిత్రశాలలు.

తెలుగునాట ఇటువంటి ప్రయత్నానికి రాజమహేంద్రవరం మంచి ఉదాహరణ. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు (1897-1925)లోని ప్రతిభను గుర్తించి, బొంబాయి జె.జె. కళాశాలలో చేరడానికి తోడ్పడ్డాడు. చదువు ముగించి తిరిగివచ్చిన రామారావు తన విద్యను తనవద్దనే ఉంచుకోలేదు. 1920ల తొలి సంవత్సరాలలో స్వగ్రామంలోనే చిత్రకళాశాలను నెలకొల్పి, యువకులను చేరదీశాడు. ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకముందే మశూచి ఆయనను బలిగొన్నది. గురువు పోయిన పాఠశాల మూతపడడం లోకసహజం. మిత్రుడైన వరదా వెంకటరత్నం దానిని మూతపడనీయలేదు. తరువాతి తరానికి కుంచె పట్టడం నేర్పాడు. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ' వంటి చిత్రాలు ఆ ఊరి చిత్రశాలలోనే భద్రంగా నిలిచాయి. ఆ గోడలే లేకపోతే అల్పాయుష్కుడైన చిత్రకారుని సృష్టి ఎవరెవరి ఇళ్లకో చేరి చెల్లాచెదరయ్యేది.

హైదరాబాదులో 1941లో హైదరాబాద్ ఆర్ట్ సొసైటీ ఏర్పడింది. అఖిలభారత స్థాయి ప్రదర్శనలను నిర్వహించి, కొత్తవారి పనిని పేరున్నవారి సరసన నిలిపింది. అదే ఏడాది కరీంనగర్ జిల్లాకు చెందిన పాకాల తిరుమలరెడ్డి బొంబాయిలో తోటి యువకులను కూడగట్టుకొని ప్రదర్శన పెట్టాడు. ఎవరో పిలిచేవరకు ఆగలేదు. తరువాతి కాలంలో నారాయణగూడలోని తన ఇంటినే 'సుధర్మ' అనే చిత్రశాలగా మలచుకొన్నాడు. 2003లో ఆరంభమైన కృష్ణాకృతి ఫౌండేషన్ యువ కళాకారులకు ఉపకారవేతనాలు ఇచ్చింది.

దానం మీద నడిచే చిత్రశాలకు దాని చిక్కులు దానికున్నాయి. పటం కట్టించాలి, దీపాలు అమర్చాలి, పరిచయపత్రం అచ్చువేయాలి. ఈ ఖర్చులు భరించిన దాతకు తన అభిరుచి గోడమీద కనిపించాలన్న కోరిక కలగవచ్చు. పూలకుండీనో దేవతామూర్తినో ఆశించే దాతకు, కూలిన ఇంటిని బొగ్గుతో గీసిన చిత్రం రుచించకపోవచ్చు. అందుకే చిత్రాల ఎంపికను అనుభవజ్ఞులైన కళాకారుల సంఘానికి వదిలివేసి, దాత పేరును గుమ్మం దగ్గరి ఫలకానికి పరిమితం చేయడం మేలు. తొలి ప్రదర్శనలో ఒక్క చిత్రమైనా అమ్ముడుపోని యువకుణ్ణి రెండవసారి పిలవాలో వద్దో నిర్ణయించవలసినది ఆ సంఘమే.