తొలి నెలల్లో యూరప్ ప్రయాణం: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

వేసవి సెలవులకు యూరప్ చూసి వచ్చే కుటుంబాలు మన ప్రాంతంలో ఇప్పుడు చాలా ఉన్నాయి. పారిస్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్ అంటూ పది రోజుల్లో నాలుగైదు ఊళ్ళు తిరిగి వస్తారు. టిక్కెట్లు, వీసా నెలల ముందే తీసుకోవలసి ఉంటుంది. ఈలోగా కోడలు నెల తప్పుతుంది. అది సంతోషమే. కాని వెంటనే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "విమానం ఎక్కితే కడుపు పోతుంది, మానుకోండి" అని ఒకరంటారు. "డబ్బు కట్టేశాం కదా, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి రండి" అని మరొకరంటారు. ఈ రెండు మాటలూ సరైనవి కావు.

ప్రయాణం వల్ల గర్భం పోతుందా?

ఆరోగ్యంగా ఉన్న గర్భవతికి విమాన ప్రయాణం వల్ల గర్భస్రావం కాదు. తెలిసిన గర్భాలలో నూటికి 10 నుండి 20 వరకు వాటంతట అవే పోతాయి. అందులో ఎక్కువ భాగం మొదటి 12 వారాలలోనే జరుగుతాయి. సుమారు సగం కేసులలో కారణం పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోములలో వచ్చిన తేడా. అటువంటి గర్భం ఇంట్లో మంచం మీద పడుకున్నా నిలబడదు.

అయితే భయపడవలసింది దేనికి? ఇబ్బంది వచ్చినప్పుడు తెలియని ఊళ్ళో, తెలియని భాషలో, చేతిలో కాగితాలు లేకుండా ఉండటానికి. దానికి ముందుగానే సిద్ధపడవచ్చు.

బయలుదేరే ముందు చేయవలసినవి

1. స్కానింగ్ చేయించండి. చివరిసారి బయట ఉన్న మొదటి రోజు నుండి లెక్కిస్తే 6, 7 వారాలకు స్కానింగ్‌లో గర్భం ఎక్కడ ఉన్నదో సాధారణంగా తెలుస్తుంది. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాక పక్కనున్న ట్యూబులో పెరుగుతాయి. ట్యూబు పగిలితే లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత గర్భం గర్భసంచిలోనే ఉన్నదని తేలేవరకు విమానం ఎక్కించవద్దు.

2. డాక్టరు గారిని అడగండి. ఇదివరకు ట్యూబులో గర్భం వచ్చినవారు, ఇప్పుడు రక్తం కనబడుతున్నవారు, నీళ్ళు కూడా నిలవనంతగా వాంతులవుతున్నవారు, రక్తం బాగా తక్కువగా ఉన్నవారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవారు డాక్టరు అనుమతి లేనిదే ప్రయాణం చేయకూడదు.

3. ఇన్సూరెన్స్ కాగితం చదవండి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కాని చాలా పాలసీలలో గర్భానికి సంబంధించిన ఖర్చు ఇవ్వరు. ఏజెంటు నోటిమాట నమ్మక, గర్భం సంగతి చెప్పి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

4. ఫైలు వెంట ఉంచండి. స్కానింగ్ రిపోర్టు, బ్లడ్ గ్రూపు, మందుల చీటీ చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయవద్దు. చీటీలో మందు అసలు పేరు రాయించండి. మన కంపెనీ పేర్లు అక్కడి మందుల షాపుల వారికి తెలియవు. గ్రూపు నెగెటివ్ అయితే ఆ సంగతి భర్తకు కూడా తెలిసి ఉండాలి.

5. రోజూ వేసుకునే 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రలు, వాంతుల మాత్రలు తిరిగి వచ్చేవరకు సరిపడా తీసుకు వెళ్ళండి.

దాచిపెట్టి వెళ్ళవద్దు

మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని మనలో ఒక అలవాటు ఉంది. ఇంటి దగ్గర అది మీ ఇష్టం. ప్రయాణంలో మాత్రం దాచడం మంచిది కాదు. గుంపుతో వెళ్ళినప్పుడు అందరూ బస్సు ఎక్కాలని తొందరపెడతారు. ఆ అమ్మాయి వాంతిని ఆపుకుంటుంది, మూత్రం ఆపుకుంటుంది, కడుపు నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుంటుంది. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ ఆగరు. కనీసం టూరు నడిపించే వ్యక్తికి, తోడు వచ్చిన ఒక స్త్రీకి చెప్పండి.

విమానంలో, బస్సులో

గర్భవతికి కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. హైదరాబాదు నుండి యూరప్‌కు నేరుగా వెళ్ళినా తొమ్మిది పది గంటలు పడుతుంది. నడవ పక్క సీటు అడగండి. గంటకు, రెండు గంటలకు ఒకసారి లేచి నడవాలి. కూర్చున్నప్పుడు పాదాలు పైకి కిందికి ఆడించాలి. నీళ్ళు తరచుగా తాగాలి. సీటు బెల్టు పొత్తికడుపు కింద, తొడల మీదుగా పెట్టుకోవాలి. విమానాశ్రయంలో మనుషులు నడిచి వెళ్ళే తనిఖీ ద్వారం వల్ల బిడ్డకు హాని లేదు.

ఊళ్ళు చూసేటప్పుడు

యూరప్ నగరాలలో నడక ఎక్కువ. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకు లిఫ్టు లేదు, మెట్లే దిక్కు. ఈఫిల్ టవర్‌కు లిఫ్టు ఉంది, దానిలోనే వెళ్ళండి. రోమ్‌లో సెయింట్ పీటర్స్ గోపురానికి 551 మెట్లు. లిఫ్టులో కొంత ఎక్కినా ఇంకా 320 మెట్లు మిగులుతాయి. దానిని కింద నుండి చూసినా చాలు. రాళ్ళు పరిచిన వీధులలో కాలు మడత పడుతుంది కనుక చదునైన బూట్లు వేసుకోవాలి.

స్విట్జర్లాండ్‌లో మనవారు తప్పక చూసే యుంగ్‌ఫ్రాయోఖ్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. టిట్లిస్ కూడా 3,000 మీటర్ల పైమాటే. అంత ఎత్తున గాలిలో ఆక్సిజన్ తక్కువ. అలవాటు లేని గర్భవతి 2,500 మీటర్లు దాటి వెళ్ళాలంటే ముందుగా డాక్టరును అడగాలి. తలనొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే కిందికి దిగాలి.

జూన్, జూలై నెలల్లో అక్కడ కూడా ఎండలు మండుతాయి. చాలా హోటళ్ళలో ఏసీ ఉండదు. మధ్యాహ్నం రెండు గంటలు విశ్రాంతి ఇవ్వండి. రోజుకు ఒక చోటు తగ్గినా నష్టం లేదు.

తిండి విషయం

పచ్చి పాలతో చేసిన చీజ్, కామెంబేర్, బ్రీ వంటి మెత్తని చీజ్ తినకూడదు. వాటిలో లిస్టీరియా అనే క్రిమి ఉండవచ్చు. అది తల్లికి కొద్దిపాటి జ్వరమే తెచ్చినా బిడ్డకు ప్రాణాంతకం. సగం ఉడికిన మాంసం, లివర్ పాటే, కడగని ఆకుకూరల సలాడ్ వద్దు. ఇటలీలో ఇచ్చే తిరమిసు అనే తీపిలో తరచుగా పచ్చి గుడ్డు, మద్యం కలుపుతారు. వైన్ ఒక్క గ్లాసు కూడా వద్దు. కాఫీ రోజుకు రెండు చిన్న కప్పులకు మించకూడదు.

వేవిళ్ళకు మరమరాలు, బిస్కట్లు, వేయించిన అటుకులు తీసుకు వెళ్ళండి. ఖాళీ కడుపుతో ఉంచక కొంచెం కొంచెంగా పెట్టండి. పాలతో, మాంసంతో చేసిన పదార్థాలు మన దేశం నుండి యూరోపియన్ యూనియన్ దేశాలకు తీసుకు పోనివ్వరు. కోవా, నెయ్యి పెట్టెలో సర్దవద్దు. రోమ్ వీధి కుళాయిల్లో వచ్చే నీళ్ళు తాగడానికి మంచివే.

ఈ లక్షణాలు కనబడితే ఆగవద్దు

- రక్తం కనబడటం
- పొత్తికడుపులో, ముఖ్యంగా ఒక పక్క, తీవ్రమైన నొప్పి
- భుజం కొనలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం
- రోజంతా నీళ్ళు నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గడం
- జ్వరం
- ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి

"రేపు ఇంకో ఊరు వెళ్ళాక చూద్దాం" అనుకోకూడదు. యూరోపియన్ యూనియన్ దేశాలలోను, స్విట్జర్లాండ్, బ్రిటన్‌లోను 112 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. గర్భవతి అనే మాట, ఎన్నో వారం అనే సంగతి మొదటే చెప్పాలి. ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో రాసి భర్త జేబులోను, భార్య సంచిలోను ఉంచండి.

అత్తమామలకు, తల్లిదండ్రులకు ఒక మాట

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక్కోసారి గర్భం నిలవదు. అప్పుడు "వెళ్ళవద్దన్నా విన్నావు కాదు" అని ఆ అమ్మాయిని అనకండి. ఆమె తిరిగిన వీధులూ ఎక్కిన విమానమూ దానికి కారణం కాదు. దెప్పిపొడిస్తే ఆమె మళ్ళీ గర్భం వచ్చినప్పుడు నొప్పిని కూడా మీకు చెప్పదు. అదే అసలు ప్రమాదం. మంచి భోజనం పెట్టి, విశ్రాంతి ఇచ్చి, డాక్టరు దగ్గరకు మీరే వెంట తీసుకు రండి.

గుర్తుంచుకోండి: స్కానింగ్ అయ్యాకే ప్రయాణం. ఫైలు చేతి సంచిలో. తోడు వచ్చినవారికి తెలిసి ఉండాలి. ఇబ్బంది వస్తే 112. యాత్ర మానుకోవలసి వస్తే డబ్బు గురించి బాధపడవద్దు, ఆ ఊళ్ళు ఎక్కడికీ పోవు.