డీజిల్ రాయితీ, వేట నిషేధం: సముద్ర చేపల వేటలో కర్బన ఉద్గారాలపై విధానాల ప్రభావం

సముద్ర చేపల వేటలో వెలువడే కర్బన ఉద్గారాలలో అధిక భాగం పడవ ఇంజనులో మండే ఇంధనం నుండే వస్తుంది. ఒక లీటరు డీజిల్ మండినప్పుడు సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కావున టన్ను చేపలు పట్టుటకు ఎంత ఇంధనం ఖర్చయినదన్నదే ఇందులో ముఖ్యమైన కొలమానం.

కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల అంచనా ప్రకారం మన దేశంలో టన్ను చేపల వేటకు వెలువడిన కార్బన్ డయాక్సైడ్ 1961లో 0.50 టన్నులు కాగా, 2010 నాటికి 1.02 టన్నులకు పెరిగింది. 2010లో చిన్న మోటారు పడవలు టన్నుకు 0.59 టన్నులు, పెద్ద మరపడవలు 1.18 టన్నులు విడుదల చేశాయి. మరపడవలలో ట్రాలర్ల వాటా 1.43 టన్నులు. ట్రాల్ వలను గంటల తరబడి నీటిలో ఈడ్చవలసి రావడమే ఇందుకు ప్రధాన కారణం.

ఆంధ్రప్రదేశ్ తీరంలో రెండు విధానాలు ఈ ఉద్గారాలను ప్రభావితం చేస్తున్నాయి. మొదటిది, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. చేపల సంతానోత్పత్తిని కాపాడుటకు ఉద్దేశించినదైనా, ఆ రోజులలో మరపడవలు, మోటారు పడవలు డీజిల్ కాల్చవు. చేపల సంపద పెరిగినచో తక్కువ సమయంలోనే అదే దిగుబడి లభిస్తుంది. అయితే నిషేధానంతరం అధిక అశ్వశక్తి గల ఇంజన్లతో వేట ఉధృతమైతే ఈ లాభం నిలువదు.

రెండవది డీజిల్ రాయితీ. 2019లో దీనిని లీటరుకు 9 రూపాయలకు పెంచారు. లీటర్ల లెక్కన చెల్లించుట వలన పరిమితికి లోబడి ఎక్కువ కాల్చిన పడవకే ఎక్కువ సాయం అందుతుంది; పొదుపు చేసినవారికి ప్రోత్సాహం ఉండదు.

అట్లని రాయితీని ఒక్కసారిగా తొలగించుట తగదు. వాటా పద్ధతిలో డీజిల్, ఐసు ఖర్చులు మినహాయించిన తరువాతనే పడవలోని కలాసీలకు వాటా దక్కుతుంది. ఇంధన భారం పెరిగితే ముందుగా తగ్గేది వారి రాబడియే. అంతే మొత్తాన్ని లీటర్లతో ముడిపెట్టక, పడవకింతని స్థిర సాయంగా ఇచ్చి, కొంత భాగాన్ని ఇంజను మరమ్మతుకు, పడవ అడుగుభాగం శుభ్రపరచుటకు కేటాయించవచ్చు. ఇంజను అశ్వశక్తికి పరిమితి విధించి, ప్రయాణ వేగం తగ్గించుటపై శిక్షణ ఇవ్వడం అవసరం. అప్పుడు ఆదా అయిన ప్రతి లీటరు ఉద్గారాలను తగ్గించడమే గాక, కలాసీ వాటాను కూడా పెంచుతుంది.