గ్లూటెన్ లేని తిండికి ఖరీదైన ప్యాకెట్లు అక్కర్లేదు

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఏడాదిగా తరచూ విరేచనాలు, కడుపుబ్బరం, రక్తహీనత. ఎత్తు కూడా పెరగడం లేదు. పరీక్షలు చేసి సీలియాక్ జబ్బని తేల్చారు. ఇక ఎప్పటికీ గోధుమలు పెట్టొద్దన్నారు. సూపర్‌మార్కెట్లో గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్డు, బిస్కెట్లు, పిండి కొంటున్నాం. మంచిదని మిగతావి కూడా ఆర్గానిక్‌వే తెస్తున్నాం. సరుకుల ఖర్చు రెట్టింపయింది. మావారిది చిన్న ఉద్యోగం. ఇలా ఎన్నాళ్లు నెట్టుకురాగలం?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: ముందుగా ధైర్యంగా ఉండండి. ఈ జబ్బుకు మందు తిండే. ఆ తిండిలో చాలా భాగం మీ వంటింట్లో ఇప్పటికే ఉంది.

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తునే గ్లూటెన్ అంటాం. సీలియాక్ ఉన్నవారిలో అది లోపలికి వెళ్లగానే రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. దాంతో ఇనుము, కాల్షియం లాంటివి ఒంటికి పట్టవు. పాపకు రక్తం తగ్గడానికీ, ఎదుగుదల ఆగడానికీ కారణం ఇదే. గ్లూటెన్ పూర్తిగా మానేస్తే పేగు కోలుకుంటుంది. కానీ కొంచెమే కదా అని ఒక్క చపాతీ ముక్క పెట్టినా హాని తప్పదు. పథ్యం కఠినమే. అయితే దానికి డబ్బు కన్నా జాగ్రత్త ఎక్కువ కావాలి.

బియ్యం, జొన్నలు, రాగులు, సజ్జలు, మొక్కజొన్న, పప్పులు, పాలు, గుడ్లు, మాంసం, కూరగాయలు, పండ్లు... వీటిలో సహజంగానే గ్లూటెన్ ఉండదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిజావ నిశ్చింతగా పెట్టొచ్చు. ఉప్మాకు బొంబాయి రవ్వ బదులు బియ్యపు రవ్వ వాడండి. బిస్కెట్ల స్థానంలో సున్నుండలు, నువ్వులుండలు, పల్లీపట్టీ, ఇంట్లో చేసిన జంతికలు బడి డబ్బాలో పెట్టండి. గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లలో చాలావరకు పిండిపదార్థం, చక్కెర, కొవ్వులే ఉంటాయి. పాపకు కావలసిన ఇనుము, మాంసకృత్తులు సున్నుండలోనే ఎక్కువ. బ్రెడ్డు పుట్టినరోజు లాంటి సందర్భాలకు ఉంచుకోండి.

ధాన్యం ఎప్పుడూ గింజగానే కొనండి. కిరాణా కొట్లో ఒకే చేటతో అన్నీ తోడుతుంటారు. జొన్నల్లో గోధుమ గింజ పడితే కంటికి కనిపిస్తుంది, ఏరేయొచ్చు. పిండిలో కలిస్తే పోల్చుకోలేం. పిండిమరలో మీకంటే ముందు ఎవరైనా గోధుమలు ఆడించి ఉంటే ఆ పిండి మరలోనే మిగిలి, మీ జొన్నపిండిలో కలుస్తుంది. అందుకే గింజలు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టండి. పాప కోసం వేరే జల్లెడ, పీట, రొట్టె పెనం కొనండి. మీరు డబ్బు పెట్టాల్సింది వీటి మీద. పూరీలు వేయించిన నూనెలో పాపకు గారెలు వేయొద్దు.

మనం అనుమానించని చోట కూడా గ్లూటెన్ ఉంటుంది. డబ్బాలో వచ్చే ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు. ఎండాకాలం ఇచ్చే బార్లీ నీళ్లు, పాలలో కలిపే మాల్ట్ పొడులు, సేమ్యా, సోయా సాస్, బజారు సాంబారు పొడి కూడా చూసుకోవాలి. ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ కనుక డాక్టరును అడగకుండా పెట్టొద్దు. ప్యాకెట్ కొనాల్సి వస్తే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసి ఉందో లేదో చూడండి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అలా రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

ఇక ఆర్గానిక్ సంగతి. రసాయనాలు లేకుండా పండించిన గోధుమలోనూ గ్లూటెన్ అంతే ఉంటుంది. పాప జబ్బు తగ్గడానికి ఆర్గానిక్ సరుకులు అవసరం లేదు. ఆ ఖర్చు తగ్గించి రోజూ గుడ్డు, పాలు, పండు తప్పకుండా అందేలా చూడండి. ఈ జబ్బు కుటుంబంలో మరొకరికీ ఉండొచ్చు కనుక మీ దంపతులిద్దరూ, మిగతా పిల్లలూ రక్తపరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: నేను అయిదో నెల గర్భిణిని. మామూలు కూరగాయల్లో పురుగుమందులుంటాయని భయం. ఆర్గానిక్‌వి కొనాలంటే ధర చూసి తగ్గించి తెచ్చుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తగ్గించి తినడమే అసలు నష్టం. ఆర్గానిక్ కూరల్లో మందుల అవశేషాలు తక్కువన్నది నిజమే కానీ పోషకాల్లో పెద్ద తేడా లేదు. ముందు రోజూ కడుపునిండా కూర, ఆకుకూర తినండి. రైతుబజార్లో ఆ కాలంలో కాసేవి కొనండి. ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి, కుళాయి కింద రుద్ది కడగండి. క్యాబేజీ పై ఆకులు తీసేయండి. మందులు అన్నీ పోకపోయినా, పైన అంటినవి చాలావరకు పోతాయి. కరివేపాకు, తోటకూర, మెంతికూర కుండీల్లో పెంచుకుంటే ఖర్చూ భయమూ రెండూ తగ్గుతాయి. ఆర్గానిక్ ప్యాకెట్ కొంటే ‘జైవిక్ భారత్’ గుర్తు చూడండి. ‘నేచురల్’ అన్న మాటకు ఎక్కువ ధర ఇవ్వొద్దు.

ప్రశ్న: చపాతీ తింటే కడుపుబ్బరంగా ఉంటోంది. గోధుమలు మానేసి గ్లూటెన్ ఫ్రీ సరుకులకు మారమంటారా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అప్పుడే మానొద్దు. ముందు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమలు మానేశాక చేయిస్తే జబ్బున్నా పరీక్షలో కనిపించకపోవచ్చు. సీలియాక్ అయితే జీవితాంతం పథ్యం తప్పదు. కాదని తేలితే ఉబ్బరానికి వేరే కారణాలు వెతకాలి. జబ్బేమీ లేనివారికి గ్లూటెన్ మానడం వల్ల ప్రత్యేకించి మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. పరీక్ష ఫలితం చేతికొచ్చేదాకా ఆ సరుకులు ఏవీ కొనకండి.