లక్ష్మిలో ‘ఎక్స్’ ఉందా?

మంగళగిరిలో మా బావగారికి చేనేత చీరల కొట్టుంది. ఈమధ్య వెబ్‌సైట్ పెట్టించారు. దాన్ని ఆన్‌లైన్ డైరెక్టరీల్లో ఎక్కించే పని నా నెత్తిన పడింది. కంప్యూటర్ తెరవకముందే అడిగాను: “బావగారూ, కొట్టు పేరులో లక్ష్మిని ఇంగ్లీషులో ఎలా రాస్తున్నారు?” బోర్డు మీద ‘కె, ఎస్, హెచ్’. బిల్లుబుక్కులో ‘ఎక్స్’. విజిటింగ్ కార్డులో ‘హెచ్’ ఎగిరిపోయింది. “ఎలా రాస్తే ఏంటోయ్, చీర మారుతుందా?” అన్నారాయన.

చీర మారదు. కానీ మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే ఇది ఒక కొట్టో మూడు కొట్లో సెర్చ్ ఇంజన్ తేల్చుకోలేకపోవచ్చు. అందుకని ముందు ఒక తెల్లకాగితం తీసుకున్నాం. పేరు బోర్డు మీద ఉన్నట్టే. మేనల్లుడు దానికి ‘బెస్ట్ మంగళగిరి సారీస్’ అని తోక తగిలిద్దామన్నాడు. గూగుల్ నిబంధనలు అందుకు ఒప్పుకోవు, ప్రొఫైల్‌ని ఆపేసే ప్రమాదం కూడా ఉంది. డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్ ఒకే వరసలో రాశాం. ఫోన్ నంబరు ఒక్కటే, కొట్లో ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తేది. వివరణలు రెండు: రెండు వాక్యాల్లో ఒకటి, కాస్త పెద్దది ఇంకొకటి. గూగుల్ 750 అక్షరాల వరకే ఒప్పుకుంటుంది. ‘నాణ్యతకు మారుపేరు’ లాంటివి కొట్టేసి, నిజాం అంచు, నూలు చీరలు, డ్రెస్ మెటీరియల్, కొట్టు వేళలు రాశాం. సగం పని ఈ కాగితంతోనే అయిపోయింది.

ఇక ఎక్కడ ఎక్కించాలి? ఒకాయన ఫోన్ చేసి, అయిదు వందల డైరెక్టరీల్లో పెట్టిస్తానన్నాడు. ఒకప్పుడైతే ఆ మాటకు విలువుండేది. 1994లో మొదలైన యాహూ డైరెక్టరీలోనో, 1998లో పుట్టిన డీమోజ్‌లోనో చోటు దొరకడమంటే గొప్పే. డీమోజ్‌లో మనుషులే, అదీ స్వచ్ఛందంగా, ఒక్కో సైటూ చూసి చేర్చేవాళ్లు. యాహూది 2014 చివర్లో, డీమోజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి. ఈలోగా సెర్చ్‌లో ర్యాంకు పెంచే లింకుల కోసమే డైరెక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్‌తో అలాంటి లింకుల మీద వేటు వేసింది. నాసిరకం డైరెక్టరీ లింకులు ఇప్పటికీ దాని స్పామ్ జాబితాలో ఉన్నాయి. ఆయనకు వద్దని చెప్పి పెట్టేశాను.

మా వరస ఇది: ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, తర్వాత బింగ్ ప్లేసెస్, ఆపైన జస్ట్‌డయల్, టోకు బేరాల కోసం ఇండియామార్ట్. కొత్తది తెరిచే ముందు మన కొట్టు అప్పటికే ఉందేమో వెతకాలి. ఒకచోట ఎవరో ఎప్పుడో పెట్టింది దొరికింది, ఎత్తేసిన ల్యాండ్‌లైన్ నంబరుతో సహా. పక్కన ఇంకోటి పెట్టకుండా, అది మాదేనని క్లెయిమ్ చేసి దిద్దుకున్నాం. కేటగిరీ దగ్గర తొందరపడొద్దు. ‘బట్టల కొట్టు’ కంటే ‘చీరల దుకాణం’ దొరికితే అదే నొక్కాలి.

కొట్టు మాదేనని తేల్చుకోడానికి గూగుల్ మమ్మల్ని వీడియో అడిగింది. మధ్యలో ఆపకుండా వీధి, బోర్డు, షట్టరు తాళం తీయడం, లోపలి గల్లాపెట్టె చూపించాలి. మొదటిసారి తాళం పట్టేసి, బావగారు దాన్ని తిట్టిన తిట్లన్నీ రికార్డయ్యాయి. రెండోది పంపాం.

ఈ పనికి ఈమెయిల్ వేరేది పెట్టుకోండి. పేరు ఎక్కగానే ప్యాకేజీలు అమ్మే ఫోన్లు మొదలవుతాయి. ఎక్కడ, ఏ తేదీన, ఏ లాగిన్‌తో పెట్టామో ఎక్సెల్‌లో రాసుకోవాలి. కొట్టు మారిన రోజున అన్నిచోట్లా దిద్దాల్సింది ఆ జాబితా చూసే. చాలా డైరెక్టరీలు లింకుకి ‘నోఫాలో’ (దీన్ని లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్‌కి చెప్పే గుర్తు) తగిలిస్తాయి, ర్యాంకు అమాంతం పెరగదు. దాన్ని నొక్కి చీర కొనేవాళ్లకు మాత్రం ఆ అడ్డేమీ లేదు.

మొన్న కొత్త బిల్లుబుక్కులు అచ్చుకిస్తూ ప్రెస్సులోంచే ఫోన్ చేశారు బావగారు. “ఏమోయ్, ఎక్స్ వద్దన్నావు కదూ?”