గుర్రములకు కీళ్ళవాపు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

తెనాలి, బాపట్ల, రేపల్లె రైలు స్టేషన్ల యెదుట ఒకప్పుడు జట్కాబండ్లు బారులు తీరి నిలిచియుండెడివి. ఆటోరిక్షాలు వచ్చిన పిమ్మట ఆ దృశ్యము కనుమరుగైనది. అయినను గుర్రము మనలను పూర్తిగా విడిచిపోలేదు. పెండ్లి ఊరేగింపులో వరుని మోయు గుర్రము తారురోడ్ల మీదను, సిమెంటు బాటల మీదను డప్పుల మోతకు గంటల తరబడి అడుగులు వేయుచున్నది. చూచువారికి అది వేడుకయే. మరునాటి ఉదయము దాని కీలు ఉబ్బియుండిన సంగతి పోషకునికి మాత్రమే తెలియును. అతడు సామాన్యముగా పేదవాడు. ఆ గుర్రమే అతని జీవనాధారము.

కీలనగా ఏమి? రెండు ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. వాటిని చుట్టి ఒక సంచియు, దానిలో జిగటగానుండు లేత పసుపురంగు ద్రవమును ఉండును. బండి ఇరుసునకు కందెన యెట్టిదో కీలునకు ఈ ద్రవ మట్టిది. బరువు మించినను, కాలు బెణికినను, సంచి లోపలి పొర వాచి, ద్రవము పలుచనై అధికమగును. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కనుక ఒకసారి అరిగిన భాగము మరల యథాస్థితికి వచ్చుట దుర్లభము. చికిత్స అరుగుటకు ముందే జరుగవలెను.

నిలుచున్న గుర్రము దేహభారములో నూటికి సుమారు 60 పాళ్ళు ముందుకాళ్ళ మీదనే పడును. కావున ముందుగా మోకాలిని, గిట్టకు పైనుండు కీలును అరచేతితో తడవి, రెండవ కాలితో పోల్చి చూడవలెను. పిదప గట్టినేల మీద మెల్లగా నడిపించవలెను. నొప్పిగల ముందుకాలు నేల నానినప్పుడు గుర్రము తల పైకెత్తును. లాడము ఎగుడుదిగుడుగా నున్నను కీలుపై భారము వంకరగా పడును; దానినికూడ పరిశీలింపవలెను.

వాపు వేడిగానుండి, గుర్రము కాలు మోపక, జ్వరముతో నున్నచో కీలులో చీము పట్టెనేమో యని అనుమానింపవలెను. ఆరోగ్యముగల గుర్రపు దేహోష్ణత సుమారు 99.5 నుండి 101.5 డిగ్రీల ఫారన్‌హీటు. కీలు దగ్గర గాయమైనపుడు, అది ఎంత చిన్నదైనను, ఆనాడే వైద్యునికి చూపవలెను. ఈనిన పిల్లలకు బొడ్డుద్వారా క్రిములు చేరి కీళ్ళు వాచుట కలదు. శుభ్రమైన చోట ఈనించుట, బొడ్డుకు అయొడిన్ పూయుట, మొదటి కొద్ది గంటలలోనే ముర్రుపాలు త్రాగించుట దీనికి రక్ష. ఆవుదూడలకు, గేదెదూడలకు కూడ ఇదియే వర్తించును. గుర్రము లేని గ్రామమున్నను దూడలు లేని గ్రామ మున్నదా?

ఇక వాతల విషయము. ఇనుము కాల్చి వాత పెట్టినచో వాపు దిగునను నమ్మకము మనవారికే కాదు, ఇంగ్లండువారికిని చిరకాలముండెను. 1983లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్రపు కాలి నరములకు, అనగా స్నాయువులకు, తగిలిన దెబ్బలపై జరిపిన పరీక్షలలో వాతలవలన మేలు కనబడలేదు. వాత పెట్టిన గుర్రమునకు కొన్నాళ్ళు విశ్రాంతి దొరకును. గుణమిచ్చినది ఆ విశ్రాంతియే కావచ్చును.

మనుష్యుల నొప్పిబిళ్ళలు మ్రింగించుటయు తగదు. నొప్పి తెలియని గుర్రము ఆ కాలినే మరల వాడి కీలును మరింత చెరచుకొనును. కడుపులో పుండ్లు పడవచ్చును. పశువుల కుపయోగించు డైక్లోఫినాక్‌ను, రాబందుల మరణమునకు కారణమగుటచే, 2006లోనే మనదేశమున నిషేధించిరి.

1965 నాటి నిబంధనల ప్రకారము బండి లాగించుట, బరువు మోయించుట రోజుకు 9 గంటలకు మించరాదు. విరామము లేకుండ 5 గంటలకు మించరాదు. 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటు ప్రాంతములలో మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వరకు అసలే కూడదు. కుంటుచున్న జంతువుచే పని చేయించుట 1960 చట్టము క్రింద నేరము.

కాళ్ళ వాపుతోబాటు చర్మముపై వరుసగా గడ్డలు లేచి పుండ్లగుచున్నచో అది గ్లాండర్సు కావచ్చును. ఇది మనుష్యులకును అంటును. 2009 చట్టము ననుసరించి యజమాని ఇట్టి అంటువ్యాధిని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను. అచ్చటినుండి పశువైద్యునికి వ్రాతమూలకముగా తెలియజేయవలెను. ఆ గుర్రమును వేరుగా కట్టివేసి, చేతులతో తాకకుండవలెను.

సంచార పశువైద్యసేవకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును. వైద్యుడు వచ్చులోగా, గాయము లేని క్రొత్త వాపునకు 20 నిమిషములపాటు చన్నీటి ధార పట్టి, గుర్రమును మెత్తని నేలపై కదలకుండ కట్టియుంచవలెను.